మోటార్ వెయ్యొద్దు బాపూ

ఇబ్రహీంపట్నం,
జనవరి.

జహీరాబాద్ నర్సింగ్ హాస్టల్లోని నర్సమ్మ రూత్‌కు,

నీ ఫోన్ హాస్టల్ మేట్రన్ అల్మారాలో నిద్రపోతోందని తెలిసి కూడా మొన్న నీకు ఫోన్ చేశాను. అలవాటు ఎక్కడికి పోతుంది? ఆదివారం చర్చి అయ్యాక మీకు ఫోన్ ఇచ్చే ఆ కాసేపు మీ అమ్మకే సరిపోదు. అందులో నాకు వాటా అడగను. అందుకే ఈ కాగితం. తపాలా డబ్బా ఎక్కడుందని అడిగితే మా హాస్టల్ పిల్లలు నన్ను వింతగా చూశారు.

ఇక్కడ ఇంజనీరింగ్ ఆఖరి సెమిస్టర్ మొదలైంది. మంచం పక్క గోడకు పెద్ద చార్టు అంటించాను. మేజర్ ప్రాజెక్టు, టెక్నికల్ సెమినార్, ఎన్నెస్సెస్ వాళ్ల చెరువు సర్వే, మేడమ్‌తో కలిసి రాయాల్సిన కాన్ఫరెన్స్ పేపరు, ఇవి చాలవన్నట్టు జూనియర్ల మినీ ప్రాజెక్టుకు సాయం. ఒక్కోదానికి ఒక్కో రంగు స్కెచ్ పెన్. నగేష్ దాని ఫొటో చూసి, "అన్నిటికీ రంగులేసినవ్, మరి నిద్రది ఏ రంగు?" అన్నాడు. నగేష్ అంటే మా ప్రాజెక్టు బ్యాచ్‌లోవాడే, కంప్యూటర్ ప్రోగ్రామ్ రాసేది. మా ఇద్దరి మీదే బండి నడుస్తోంది. మిగతా ఇద్దరు ఫొటోల్లో ఉంటారు.

మేజర్ ప్రాజెక్టు కోహెడలో మీ చేన్లో పెట్టుకోమన్నావు కదా, పెట్టేశాం. టమాట సాళ్ల మధ్య ఒక చిన్న డబ్బా. దాని తీగ నేలలోకి దిగి తడి ఎంతుందో చూస్తుంది. ఆ అంకెలు మా కంప్యూటర్‌కు వస్తాయి. నేల ఆరితే "నీళ్లు పెట్టండి" అని, ఆరకపోతే "తడి ఉంది, నీళ్లు వద్దు" అని మీ బాపు ఫోన్‌కు మెసేజ్ పోతుంది.

మీ బాపు డబ్బా చుట్టూ తిరిగి తిరిగి చూశాడు. "అంటే ఇగ నేను చూసుడు బంద్ చెయ్యాల్నా?" అన్నాడు.

"అవ్ బాపూ, ఈ ఒక్క పంటకు. మెసేజ్ రాకుండ మోటార్ వెయ్యొద్దు బాపూ. నువ్వు అందాజగ నీళ్లు పెడితే నా లెక్కలన్నీ ఖరాబైతయ్."

"సరే బిడ్డా. నీ డబ్బా ఎట్ల చెప్తే గట్లనే."

గట్టు మీద కూర్చున్న మీ అమ్మ వెంటనే, "నా మాట ఎన్నడన్న గిట్ల ఇన్నవా?" అంది. మీ బాపు నవ్వాడు.

చెరువు సర్వేలో బాలనర్సింహ తాత అని ఒకాయన దొరికాడు. పూర్వం యాసంగి ముందు 'తైబందీ' అని చేసేవారట. రైతులందరూ చెరువు కట్ట మీద కూర్చుని, ఉన్న నీళ్లు ఎన్ని మడులకు అందుతాయో చూసి, ఈసారి ఎవరి మడికి నీళ్లు, ఎవరిది సాగు చెయ్యకుండా పడావు పెట్టాలో తేల్చుకునేవారు. "నారు పొయ్యక ముందే చెప్పాలె. పోసినంక చెప్తే అది పాపం" అన్నాడు. బాగుందని రాసుకున్నాను. సర్వే రిపోర్టులో ఒక పేజీ నిండుతుంది.

వారం వారం కోహెడ వెళ్తాను. మీ అమ్మ చేతి పచ్చిపులుసు నీ వంతు కూడా నేనే తింటాను.

మనోజ


జహీరాబాద్,
ఫిబ్రవరి.

మనోజా,

నా వంతు పులుసు తిన్నవాళ్లకు కడుపునొప్పి వస్తుంది. మళ్లీ నా వార్డుకే రావాలి, జాగ్రత్త.

నీ గోడ సంగతి చదివితే నాకు మన తొమ్మిదో తరగతి వార్షికోత్సవం గుర్తొచ్చింది. డాన్స్ టీచర్‌కు సరేనన్నావు, నాటకం టీచర్‌కూ సరేనన్నావు. రెండూ వెంటవెంటనే పడితే, నెమలి వేషం విప్పే టైం లేక పైన పోలీసు చొక్కా తొడుక్కుని వచ్చావు. దొంగ నీ తోక పట్టుకుని పారిపోయాడు. ఊరంతా నవ్వింది. నీకు బుద్ధి మాత్రం రాలేదు. ఎవరేం అడిగినా కాదనే మాట నీ నోట రాదు. ఒకటన్నా వదిలెయ్, పిల్లా.

నాకు మాత్రం తీరిక ఉందా? ఉదయం వార్డు డ్యూటీ, మధ్యాహ్నం క్లాసులు, మధ్యలో కేస్ స్టడీలు, రికార్డులు. మంచాల మధ్య నడుస్తూనే నిద్రపోవడం నేర్చుకున్నాను.

ఒక సంగతి నీకు చెప్పలేదు. మా పెద్దబాపు కిష్టా తెలుసు కదా, బాపు వాళ్ల అన్న. పండ్ల మార్కెట్ వస్తుందని మా చేను చుట్టూ ప్లాట్ల రాళ్లు పాతారు. ఇద్దరి భూమీ కలిపి ఇచ్చేద్దామని ఆయన పట్టు. "నేల సచ్చింది, బోరు సచ్చింది, ఇంక దేనికి?" అంటాడు. బాపు ఒప్పుకోలేదు. చివరికి ఇద్దరి మధ్యా ఒక మాట అయింది. ఈ టమాట పంట నిలబడితే భూమి అమ్మరు. నిలబడకపోతే బాపు సంతకం పెట్టాలి. బాపుకు ఆ చేను తప్ప వేరే పని రాదు, మనోజా. వచ్చినా చెయ్యడు.

నీ డబ్బా అక్కడే పెట్టమని అందుకే అన్నాను. నీళ్లు వృథా కావు, బోరు నిలుస్తుంది. పైగా వారానికోసారి నువ్వు మా ఇంటికి వెళ్తే నాకు ఇక్కడ ధైర్యం. నీ గోడ మీద ఏ రంగు చెరిపేసినా సరే, కోహెడ రంగు చెరపకు.

రూత్


ఇబ్రహీంపట్నం,
మార్చి.

రూతూ,

ఇది చిన్న ఉత్తరం. ఒక చేత్తో తింటూ రాస్తున్నాను, పసుపు మరక కనిపిస్తే పప్పుదే.

రెండో రివ్యూ అదిరిపోయింది! గైడ్ సార్ మా గ్రాఫ్‌ను తెర మీద పెట్టి వేరే బ్యాచ్‌ల వాళ్లకు చూపించారు. "పని అంటే ఇట్లుండాలె" అన్నారు. నగేష్ ఛాతీ ఇంత పొంగింది.

అసలు కథ వేరే. రివ్యూకు ముందు ఎలుక మన డబ్బా తీగ కొరికింది. అంకెలు రావడం ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే మేడమ్ పేపర్ పంపే గడువు. జూనియర్లు ఏడుపు ముఖాలతో గది ముందు నిల్చున్నారు. కోహెడ వెళ్లే తీరికేది? అందుకని అంతకు ముందు వారం అంకెలే తీసుకుని, అక్కడో ఇక్కడో కాస్త మార్చి కంప్యూటర్‌లో ఎక్కించాను. తీగ మార్చేదాకా రోజూ అదే పని. గ్రాఫ్‌లో ఎక్కడా గుంత లేదు. ఎవరి సొమ్మూ పోలేదు. దీన్నే టైం మేనేజ్‌మెంట్ అంటారు తల్లీ, మీ నర్సింగ్‌లో నేర్పరు.

ఈ మధ్య కోహెడ వెళ్లలేకపోయాను, కోప్పడకు. తీగ మార్చడానికి కూడా నగేష్‌నే పంపుతున్నాను. అక్కడ అంతా బాగానే ఉంటుంది.

మనోజ


జహీరాబాద్,
మార్చి.

మనోజా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వుకున్నాను. రెండోసారి నవ్వు రాలేదు.

మొన్న మా వార్డులో ఒక జూనియర్ పిల్ల పనుల వత్తిడిలో ఒక ముసలమ్మకు థర్మామీటర్ పెట్టకుండానే చార్టులో నిన్నటి అంకె రాసేసింది. రౌండ్స్‌కు వచ్చిన డాక్టర్ చార్టు చూసి, జ్వరం తగ్గిందని మందు ఆపాడు. సాయంత్రానికి ఆ ముసలమ్మ ఒళ్లు పెనంలా కాలిపోయింది. దేవుని దయవల్ల బతికింది. మా సిస్టర్ ఆ పిల్లను ఒక్క మాట అనలేదు. తడిగుడ్డ చేతికిచ్చి ఆ మంచం పక్కన కూర్చోబెట్టింది. ముసలమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, "నువ్వన్న తిన్నవా బిడ్డా" అని అడుగుతూనే ఉంది. ఆ పిల్ల ఏడుపు నేను చూడలేకపోయాను.

నాకు కంప్యూటర్లు తెలియవు. నువ్వు చెప్పిందే నాకు తెలుసు. అంకెలు కంప్యూటర్‌కు వస్తాయి, వాటిని చూసి బాపుకు మెసేజ్ పోతుంది అన్నావు. మరి నువ్వు పాత అంకెలు పెట్టిన ఆ రోజుల్లో మా బాపు ఫోన్‌కు ఏమని మెసేజ్ పోయింది?

వెంటనే రాయి.

రూత్


ఇబ్రహీంపట్నం,
మార్చి.

రూతూ,

నీ ఉత్తరం అందింది. ఆలస్యమైంది, ఏమనుకోకు.

ఇక్కడ ఎండలు ముదిరాయి. హాస్టల్ ట్యాంకులో నీళ్లు మధ్యాహ్నానికే కాగుతున్నాయి. సెమినార్ బాగానే చెప్పాను. మేడమ్ పేపర్‌లో సవరణలు అడిగారు, ఆ పని మీద ఉన్నాను. చెరువు సర్వే కూడా ముగింపుకొచ్చింది. నీ కేస్ స్టడీలు ఎంతవరకు వచ్చాయి? వేళకు తింటున్నావా?

నువ్వు అడిగిన సంగతి నగేష్‌ను కనుక్కుని రాస్తాను, ఆ ప్రోగ్రామ్ వాడిదే కదా. అయినా మీ బాపు పుట్టినప్పటినుంచీ మట్టిలో ఉన్న మనిషి. నేల ఆరితే ఆయనకు తెలియదా? ఫికర్ చెయ్యకు.

మనోజ


జహీరాబాద్,
ఏప్రిల్.

మనోజా,

కోపంల రాస్తున్న. బడిల నేర్చిన భాష నాకిప్పుడు వస్తలేదు.

ఆదివారం అమ్మతోని మాట్లాడిన. టమాట పూతంతా రాలిందట. సాళ్లకు సాళ్లు వాడినయట. మోటార్ ఎందుకు వెయ్యలేదని అడిగిన. అమ్మ ముందుగాల చెప్పలే. బాపు చెప్పొద్దన్నడట. నేను ఏడిస్తే అప్పుడు చెప్పింది.

బాపుకు తెలుసు మనోజా. నేల పగుల్లు పడ్డది చూసిండు. మోటార్ కాడికి పోయిండు, మల్ల తిరిగొచ్చిండు. అమ్మ కొట్లాడితే ఏమన్నడో ఎర్కనా? "పోరి పరీక్షల ఉన్నది. నేను నీళ్లు పెడితే దాని లెక్కలు ఖరాబైతయ్. డబ్బా తడి అని చెప్తుంది, ఇంత చదివిన పిల్ల చేసింది, దానికేదో లెక్క ఉంటది" అన్నడట.

మా అమ్మ ఆయనకు తెల్వకుండ బిందెలతోని నీళ్లు మోసింది. నీ డబ్బాకు దూరంగ ఉన్న సాళ్లకే పోసింది, నీ డబ్బా తడవొద్దని. గా సాళ్లు బతికినయ్. కడమ సాళ్లన్ని పోయినయ్.

కిష్టా పెద్దబాపు వచ్చి చూసి పోయిండు. "నేల సచ్చిందని నేను చెప్పలే?" అన్నడట. నీ డబ్బా సంగతి చెప్తే నీ పేరు ఊర్లె పడ్తదట, నీ చదువుకు మచ్చట. బాపు నోరు మూసుకొని కూసున్నడు. సంతకం పెట్టమంటే పెడ్తడు. నీ కోసం.

అమ్మతోని మాట్లాడినంక నాకు జరంత టైం మిగిలింది. నీకు ఫోన్ చేసిన. రింగైంది. రింగైతనే ఉన్నది.

నువ్వు ఎత్తలే.

రూత్


ఇబ్రహీంపట్నం,
ఏప్రిల్.

రూత్‌కు,

ఫోన్ నా చేతిలోనే ఉంది. తెర మీద నీ పేరు చూశాను. అది ఆగిపోయేదాకా అలాగే పట్టుకుని కూర్చున్నాను. ఇంక నీ దగ్గర ఏదీ దాచను, అన్నీ వరసగా రాస్తాను.

నువ్వు అడిగిన ప్రశ్న చదివిన రోజే కంప్యూటర్ తెరిచి చూశాను. నేను పాత అంకెలు పెట్టిన ప్రతి రోజూ మీ బాపుకు ఒకటే మెసేజ్ పోయింది. తడి ఉంది, నీళ్లు వద్దు. అంకెలు గ్రాఫ్ కోసమే అనుకున్నాను. ఆ అంకెలు చూసే మెసేజ్ పోతుందని నాకు తెలుసు, నేనే నీకు వివరించాను. కానీ అన్ని పనుల మధ్య ఆ సంగతి నా తలలోంచి జారిపోయింది. తీగ మార్చడానికి నగేష్ ఇంకా వెళ్లనే లేదు. ఆ క్షణమే "నీళ్లు పెట్టండి" అని పంపాను, అప్పటికే పూత రాలిందని తెలియదు. ఎందుకు పంపానో చెప్పలేదు. బస్టాండ్ దాకా వెళ్లాను. బస్సు వచ్చింది. సెమినార్ ఉంది కదా అనుకుని ఎక్కలేదు. సెమినార్ మర్నాడు, రూతూ. ఆ రోజు నాకు ఏ పనీ లేదు. ఆ సాయంత్రమే నీకు ఎండల గురించీ తిండి గురించీ రాశాను.

నీ ఉత్తరం వచ్చాక కోహెడ వెళ్లాను.

మీ బాపు చేన్లోనే ఉన్నాడు. నన్ను చూడగానే, "ఎండల వచ్చినవేంది బిడ్డా, తిన్నవా?" అన్నాడు. డబ్బా చుట్టూ గడ్డి పీకి శుభ్రంగా ఉంచాడు. పక్క సాళ్లలో మొక్కలు కర్రల్లా నిలబడి ఉన్నాయి. నేను జరిగిందంతా చెప్పాను. ఎలుక, పాత అంకెలు, మెసేజ్, అన్నీ. ఆయన మట్టి పెళ్ల తీసి నలిపాడు.

"అంటే డబ్బా చూడలేదు. నువ్వే చెప్పినవ్" అన్నాడు.

"అవ్ బాపూ."

"నేను చూసిన బిడ్డా. చూసి గూడ ఆపిన. నాది తప్పు గాదా?"

అంతకన్నా నన్ను చెంప మీద కొట్టినా బాగుండేది. ఆ పని మీ అమ్మ చేసింది, మాటతో. "నీ చదువుకు మా పూత గావాల్సొచ్చిందా? ఏడ్చుడు తర్వాత. కిష్టన్న రేపు కాయిదాలు వట్టుకొని వస్తుండు. దానికేం చెప్తవో చెప్పు" అంది.

నేను కిష్టా పెద్దబాపు ఇంటికి బయల్దేరాను. మీ బాపు అడ్డం వచ్చి, "వద్దు, ఆడపిల్ల పేరు ఊర్లె పడొద్దు" అన్నాడు. పడనీ బాపూ అన్నాను. అక్కడ అరుగు మీద నలుగురూ ఉన్నారు. అందరి ముందే చెప్పాను. నేల చావలేదు, నీళ్లు అందలేదు, అది నా వల్ల జరిగింది అని. బిందెల నీళ్లు పడిన సాళ్లు చూడమన్నాను, అదే నేల కదా.

పెద్దబాపు నమ్మలేదు. "తమ్ముణ్ని కాపాడనీకి గీ పోరి కథ చెప్తుంది" అన్నాడు. తర్వాత నా వంక చూసి, "మీ సార్ల ముంగట గూడ గిదే మాట చెప్తవా? నీ మార్కులు వోయే కాడ చెప్పు, అప్పుడు నమ్ముత. అందాక కాయిదం ఆపుత" అన్నాడు. ఫైనల్ వైవాకు రమ్మన్నాను.

తిరిగొచ్చాక గోడ మీది చార్టు పీకేశాను. బాలనర్సింహ తాత మాట రిపోర్టులో అందంగా రాసుకున్నదాన్ని, నా చెరువులో నీళ్లెన్నో ఒక్కసారీ చూసుకోలేదు. మేడమ్ దగ్గరికి వెళ్లి పేపర్ చెయ్యలేనని చెప్పాను. అన్నిటిలో నాకు ఎక్కువ ఇష్టమైంది అదే. ఆవిడ అరవలేదు. "జనవరిల చెప్తే ఇంకొకరిని పెట్టుకుందును గద మనోజా" అంది. జూనియర్లకూ ముఖం మీదే చెప్పాను. వాళ్లలో ఒక అమ్మాయి నాతో మాట్లాడడం మానేసింది. నారు పోశాక చెప్తే పాపమని తాత ఎందుకన్నాడో ఇద్దరి ముఖాల్లో చూశాను.

గ్రాఫ్‌లో ఆ భాగం తీసేస్తానంటే నగేష్ గొడవపడ్డాడు. "మార్కులు నీ ఒక్కదానివా? నలుగురివి. గైడ్ సారే మెచ్చుకున్నడు, ఇప్పుడు అది దొంగ లెక్కని చెప్తే మమ్మల్ని ఏం జేస్తరు?" అని అడిగాడు. వాడు అడిగింది న్యాయమే. చివరికి ఇద్దరం కోహెడ వెళ్లాం. ఆ సాళ్ల మధ్య నడిచి వచ్చాక, ఆ భాగం తీసెయ్యమని వాడే అన్నాడు.

మనోజ


జహీరాబాద్,
ఏప్రిల్.

మనోజా,

క్షమించమని నువ్వు రాయలేదు, మంచిపని చేశావు. రాసినా నా దగ్గర ఇప్పుడు లేదు.

నా మీద కూడా నాకు కోపంగానే ఉంది. ఒకటి వదిలెయ్ అని నీకు నీతులు చెప్పి, అదే ఉత్తరంలో మా ఇంటి బరువు కూడా నీ గోడకు తగిలించాను. నీకు కాదనడం రాదని తెలిసే అడిగాను. తెలిసి అడగడం కూడా ఒక రకం దొంగతనమే.

వైవా రోజు నేను డ్యూటీలో ఉంటాను. జరిగింది జరిగినట్టు చెప్పు. భయమేస్తే బాపు ముఖం చూడు. ఆయన నీకోసం అబద్ధం చెప్పబోతే మాత్రం ఆపు. చెప్తాడు, నాకు తెలుసు.

రూత్


ఇబ్రహీంపట్నం,
మే.

రూత్‌కు,

అయిపోయింది.

మీ బాపు తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. కిష్టా పెద్దబాపు ల్యాబ్ గుమ్మం దగ్గరే చెప్పులు విప్పి, ఏసీ చలికి భుజం మీది తువ్వాలు తలకు చుట్టుకున్నాడు. గైడ్ సార్ ముందురోజే మొత్తం విని, "మీ ఇష్టం, మీ రిస్కు" అని ఊరుకున్నారు. బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ గ్రాఫ్ చూసి, వేలు ఆ ఖాళీ మీదే పెట్టాడు.

"ఇక్కడ లైన్ ఎందుకు ఆగింది?"

మీ బాపు వైపు చూశాను. ఆయన అప్పటికే లేచి నిలబడ్డాడు. "సారూ, తప్పు నాది. నేనే నీళ్లు వెట్టలే" అన్నాడు. నువ్వు చెప్పినట్టే చేశాడు, రూతూ.

"కూర్చో బాపూ" అన్నాను. ఆయనను అలా గద్దించడం అదే మొదటిసారి. తర్వాత చెప్పాను. ఆ రోజుల్లో మా దగ్గర అంకెలు లేవని, రెండో రివ్యూలో చూపించినవి నేను వేసిన దొంగ అంకెలని, వాటివల్ల ఈ రైతుకు తప్పుడు మెసేజ్‌లు పోయి పూత రాలిందని.

ఎగ్జామినర్ కళ్లద్దాలు తీశాడు. "రైతుకు నేల చూస్తే తెలియదా? ఆయనెందుకు ఆగాడు?"

"తెలుసు సార్. మోటార్ వెయ్యొద్దని నేనే అన్నాను. వేస్తే నా ప్రాజెక్టు పాడవుతుందని ఆయన పంటను ఎండబెట్టుకున్నాడు."

అప్పుడు నగేష్ ముందుకొచ్చాడు. "సార్, మెసేజ్ ప్రోగ్రామ్ నాది. అంకెలు నిజంగా డబ్బా నుంచి వచ్చినవా కాదా అని అది చూడాలె. నేను రాయలేదు. ఇప్పుడు రాసినం" అన్నాడు. కొత్త మెసేజ్ చూపించాడు. తీగ తెగినా, అంకెలు రాకపోయినా మీ బాపు ఫోన్‌కు ఇది పోతుంది: "నాకు తెలియదు. మీరే చూసుకోండి."

పాసయ్యాం. మార్కులు మాత్రం గీత దాటేంతే. నగేష్ రెండు రోజులు నా ముఖం చూడలేదు, మూడో రోజు చాయ్‌కు పిలిచాడు. మేడమ్ పేపర్ నా పేరు లేకుండానే కాన్ఫరెన్స్‌కు వెళ్లింది, అది ఇంకా మండుతోంది.

బయటికొచ్చాక కిష్టా పెద్దబాపు మీ బాపుతో ఒక్క మాట అన్నాడు. "వానకాలం పంట గూడ చూద్దాం తియ్యి." చెప్పులేసుకుని ముందు నడిచాడు. మీ బాపు నా వైపు తిరిగి, "తిన్నవా?" అన్నాడు. అప్పుడు ఏడ్చాను, ల్యాబ్ ముందు, అందరూ చూస్తుండగా.

నీ ఉత్తరం కోసం చూస్తాను. రాయకపోయినా నాకు అర్థమవుతుంది.

మనోజ


జహీరాబాద్,
జూన్.

మనోజా,

అమ్మ బిందెలు మోసిన సాళ్లలో కాయలు బాగా వచ్చాయట. ఒక గంప పెద్దబాపు ఇంటికి పంపింది. పంపుతూ, "సచ్చిన నేలల కాసినయి, వండుకోండ్రి" అని చెప్పి మరీ పంపిందట. ఆయన వాపస్ పంపలేదు.

మొన్న ఈదురుగాలికి మళ్లీ తీగ తెగినట్టుంది. బాపు ఫోన్‌కు మీ కొత్త మెసేజ్ వచ్చింది. అమ్మ చదివి వినిపిస్తే బాపు పడీ పడీ నవ్వాడట. "నాకు తెల్వదని చెప్పనీకి గా పోరి గిన్నేండ్లు చదవాల్సొచ్చిందా?" అన్నాడట. నవ్వడం అయ్యాక లేచి, చేన్లోకి వెళ్లి, వేలు మట్టిలో పెట్టి చూసి మోటార్ వేశాడట. డబ్బా మాత్రం తీసెయ్యనివ్వలేదు. దానికి ఎండ తగలకుండా రేకు ముక్క కప్పాడు.

నా కోపం అంతా పోలేదు. కొంచెం ఉంది. అది ఉత్తరాల్లో పోయేది కాదు.

నేను కూడా కూర్చుని లెక్క చూసుకున్నాను. నా దగ్గర ఉన్నది ఆదివారం ఆ కాసేపే. ఇన్నాళ్లూ మొత్తం మా అమ్మకే పోయింది, నీ మడి పడావు పెట్టాను. అమ్మను అడిగాను. "సగం దానికియ్యి, ఎప్పుడు జూసినా బక్కగ ఉంటది, తిన్నదో లేదో అడుగు" అంది.

ఈ ఆదివారం చర్చి అయ్యాక ఫోన్ చేస్తాను. ఎత్తు.

రూత్